కార్డు మీద వెళ్ళినవాడు

మే 4, ఆదివారం

పిస్టన్ రింగుల కొలతలు రాసుకోవడానికి కొన్న పుస్తకం ఇది. పదకొండు పేజీలు వాటితో నిండాయి. మిగిలిన పేజీలు ఇక నావి. ఎక్కడో ఒకచోట కక్కకపోతే ఎవడో ఒకడిని కొట్టేలా ఉన్నాను.

ద్వారకానగర్‌లో నీలకంఠం వీసా ఆఫీసు. ఏసీ. గోడ మీద మంచుకొండలు, టోపీలు గాల్లోకి ఎగరేస్తున్న పిల్లలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టేబుల్ కింద పెట్టుకున్నాను. కాసేపటికి నా మీద నాకే మండి పైన పెట్టాను. గోళ్ళలో గ్రీజు ఉంటే ఉంది.

కెనడాలో కాలేజీ సీటు ఇచ్చింది. బోటు ఇంజిన్ల కోర్సు, రెండేళ్ళు. ఐఈఎల్‌టీఎస్‌లో రెండోసారికి ఆరున్నర తెచ్చుకున్నాను, ఏ కోచింగూ లేకుండా, ఇంజిన్ మాన్యువళ్ళు చదివి, ఫోన్లో విని. బ్యాంకు లోను కాగితం వచ్చింది. ఇక వీసా ఫారం ఒక్కటే. జూన్ పదిలోపు పెట్టకపోతే సెప్టెంబరు బ్యాచ్‌కు అందదట.

నీలకంఠం నా కాగితాలన్నీ పేకముక్కల్లా పరిచి ఒకచోట వేలు పెట్టాడు.

“ఇంటర్ ఇరవైలో అయింది. అక్కణ్ణించి హార్బర్‌లో ఇంజిన్ మెకానిక్కు. ఓనరు లెటర్ ఇచ్చాడు, బావుంది. మద్దిలో ఈ ఏడు నెలలేటి తమ్ముడూ? ఇరవై రెండు ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా లెటర్లో నేదు.”

“పని లేదండి.”

“పని నేదంటే వీసా ఆఫీసరు ఒప్పుకోడు. ఏదో ఒకటి సేసుండాలి. గ్యాప్ లెటర్ రాసి పట్రా.”

గ్యాప్. వాడి నోట్లో ఆ మాట ఎంత శుభ్రంగా ఉందో.

మే 5

ముందు నిజం రాసి చూస్తాను. ఇక్కడ ఎవడూ చూడడు.

ఆ ఫిబ్రవరిలో ఆశక్కకు నెలలు నిండాయి. మొదటి బిడ్డ కడుపులోనే పోయింది. అందుకని మా బావ పోలిరాజు అక్కను వదిలి ఇరవై రోజుల వేటకు వెళ్ళలేనన్నాడు. అతను ఆ బోటు మీద ఇంజిన్ డ్రైవరు. వెళ్ళకపోతే ఆ చోటు ఇంకొకడికి పోతుంది. “నువ్వెల్లీరా బావ, నా కార్డు మీద” అన్నాడు. అతనూ నన్ను బావ అనే పిలుస్తాడు.

హార్బర్‌లో ఇది వింత కాదు. జెట్టీ దగ్గర మత్స్యకారుల కార్డులు చూసి, పేర్లు రాసుకుని బోటు వదులుతారు. కార్డు మనిషికి జ్వరమొస్తే తమ్ముడు వెళ్తాడు, తమ్ముడు తాగి పడిపోతే పక్కింటివాడు వెళ్తాడు. కార్డు మాత్రం సముద్రానికి వెళ్ళి తీరాలి. ఉప్పుగాలికి ఫోటోలో మొహం ఎలాగూ చెరిగిపోయి ఉంటుంది.

చేప కోసం పారాదీప్ దాటి పైపైకి పోయాం. గేర్‌బాక్స్ పట్టేసింది. ఎంత విప్పినా సముద్రం మధ్యలో దానికి మందు లేదు. నాలుగు రోజులు నీరు ఎటు లాగితే అటు. ఐదో రోజు పొద్దున్న బూడిదరంగు ఓడ కనిపించింది. బంగ్లా వాళ్ళది. మా తండేలు, అంటే బోటు పెద్ద, నూకాలు మామ ఒకటే మాట చెప్పాడు: “కార్డులో ఏ పేరుంటే ఆ పేరే సెప్పండి. ఇంకో పేరు సెప్పినారంటే గూఢచారులంతారు. అందరం సస్తాం.”

బంగ్లా జైల్లో ఏడు నెలలు నేను పోలిరాజును. పొద్దుటి హాజరులో పోలిరాజు, ఆసుపత్రి చీటీ మీద పోలిరాజు, నా పది వేలిముద్రల కింద పోలిరాజు. వాళ్ళు కొట్టలేదు. ఎందుకు అబద్ధం రాయాలి, కొట్టలేదు. అన్నం పెట్టారు. కానీ ఎవడైనా నన్ను సన్నీ అని పిలిస్తే బాగుండునని గోడకేసి తల కొట్టుకున్న రోజులున్నాయి.

ఇక్కడ తమాషా వేరే. మీ పోలిరాజు బంగ్లా జైల్లో ఉన్నాడని చెప్పడానికి ఆఫీసర్లు ఇంటికొచ్చారు. పోలిరాజు లోపల అన్నం తింటున్నాడు. ఆ పూటే వెనక గోడ దూకి ఎలమంచిలి వైపు పారిపోయాడు. ఏడు నెలలు ఇటుక బట్టీలో పని, వేరే ఊరివాడినని చెప్పుకుని. రెండు రోజుల తర్వాత అక్కకు నొప్పులొచ్చాయి. ఏ కానుపు కోసం ఆగాడో ఆ కానుపు చూడలేదు. కూతుర్ని ఏడో నెలలో ఎత్తుకున్నాడు.

పేటంతటికీ తెలుసు. ఒక్కడూ నోరు విప్పలేదు.

సెప్టెంబరులో మమ్మల్ని వదిలారు. పాస్‌పోర్టు లేనివాళ్ళకు ఎంబసీ ఇచ్చే అత్యవసర పత్రం మీద దేశానికి తిరిగి వచ్చినవాడి పేరు పోలిరాజు.

ఇదీ నా గ్యాప్.

మే 6

ఆ పేజీ చింపాలి. చింపలేదు.

లెటర్‌లో “అమ్మకు ఆరోగ్యం బాగోలేక ఇంటి దగ్గరుండి చూసుకున్నాను” అని రాసిచ్చాను. నీలకంఠం సూపర్ అన్నాడు.

మా అమ్మ రోజూ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని పదిళ్ళ మెట్లెక్కుతుంది.

మే 9

బావ వర్క్‌షాపుకు వచ్చాడు. చేతిలో పాస్‌పోర్టు ఆఫీసు కవరు. దుబాయ్‌లో టగ్గు బోటు మీద ఇంజిన్ హెల్పరు పని చూసుకున్నాడు. మార్చిలో పాస్‌పోర్టుకు పెట్టాడు. ఆ దరఖాస్తు అతని పక్కన కూర్చుని నింపింది నేనే. ఏజెంటు జూన్ ఆఖరు దాకా ఆగుతానన్నాడు.

“ఇంగ్లీసులో ఉంది బావ. సదువు.”

పేటలో ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా నా దగ్గరికే వస్తుంది. కరెంటు ఆఫీసుది, బ్యాంకుది, కోర్టుది. నేను చదివింది వేదం.

చదివాను. అత్యవసర పత్రం మీద ఎప్పుడైనా విదేశం నుంచి తిరిగి వచ్చారా అన్న ప్రశ్నకు మీరు ‘లేదు’ అని రాశారు. మా రికార్డు ప్రకారం 2022 సెప్టెంబరులో వచ్చారు. సమాచారం దాచినందుకు మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో మే 28 లోపు రాతపూర్వకంగా చెప్పండి.

బావ చెప్పింది నిజమే. అతను ఎక్కడికీ వెళ్ళలేదు. నిరుడు నా పాస్‌పోర్టు దరఖాస్తులో కూడా అదే ప్రశ్న. నేనూ ‘లేదు’ అనే పెట్టాను. నాది పోస్టులో ఇంటికొచ్చింది.

“ఏటంట?”

“వెరిఫికేషన్ ఇంకా అవతందంట బావ. టైమ్ పడతాదంట.”

“అంతేనా? ఇంత పొడుగు రాసినారు?”

“గవర్నమెంటోల్లు అలగే రాత్తారు.”

నవ్వాడు. “ఆల్లకి కాయితాలు ఊరికే వత్తాయి” అని కవరు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మే 10

అబద్ధం కాదు. టైమ్ పడుతుందన్నది నిజమే కదా.

నేను ఇప్పుడు నోరు విప్పితే ముందు నా పాస్‌పోర్టు పోతుంది. తర్వాత కెనడా. జూన్ పదికి ఫారం వెళ్ళిపోతుంది. అప్పుడు చెప్తాను. అతను మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. దుబాయ్ ఎక్కడికీ పోదు.

మే 13

ఫారం నింపడం మొదలుపెట్టాం. ఒక పేజీలో ప్రశ్న: ఏ దేశంలోనైనా ఎప్పుడైనా మీరు నేరం చేశారా, అరెస్టయ్యారా, మీ మీద కేసు పెట్టారా?

నేను ఆగాను. నీలకంఠం నా మొహం చూశాడు. వాడి కళ్ళు చురుకైనవి. తలుపేసి వచ్చి అడిగాడు. చెప్పాను. అంతా కాదు, కావలసినంత. వాడు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

“నీ అంత లక్కీ ఫెలోని నా సర్వీసులో సూడనేదు తమ్ముడూ. రికార్డులో నువ్వు నేవు! మరి ఏటి బాద? నో పెట్టీ.”

“ఫారం పెట్టాక వేలిముద్రలు తీసుకుంటారు కదా.”

“ఆల్ల ముద్రలు ఈల్ల దగ్గరికి ఎందుకొత్తాయి? ఎక్కడో జైల్లో పుస్తకంలో సిరా ముద్ర. ఎలకలు తినీసుంటాయి.”

‘లేదు’ దగ్గర టిక్ పెట్టాడు. పంపలేదు. ఇంకా రెండు కాగితాలు కావాలి.

మే 14

అరెస్టయింది పోలిరాజు. సన్నీ కాదు. కాగితం ప్రకారం నిజం.

మే 15

కాగితం ప్రకారం నిజం.

మే 17

వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డున ఉన్నాయి. మాకు ఊపిరాడదు, నిషేధం ఎత్తేసే జూన్ పద్నాలుగుకే అందరికీ ఇంజిన్ తయారవ్వాలి. నేను ఇంజిన్ గదిలో తలకిందులుగా ఉన్నాను. పైన బావ, రంగులేసే అప్పలరాజు బోటు గీకుతున్నారు.

“మా బామ్మర్ది కెనడా ఎల్తన్నాడు తెల్సా?” బావ గొంతు.

“అక్కడ సముద్రమే గడ్డకట్టీద్దంట కదేటి. ఇంక ఐసు ప్లాంటోడు ఏటి తింతాడు?”

“ఆడికీ లోను ఇత్తారులే.”

“అయినా నీ ముందు సన్నీగాడెంత. నువ్వు ఏడు నెల్లు ఫారిన్ ఎల్లొచ్చీసినోడివి!” అన్నాడు అప్పలరాజు.

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. మూడేళ్ళుగా పేటలో నడుస్తున్న జోకు ఇది. నాకు ఎప్పుడూ నవ్వొచ్చేది. ఈరోజు స్పానరు జారి బొటనవేలు చితికింది.

బావ కిందకి వంగి చూశాడు. “తగిలిందేటి? పైకి రా, నాను బిగిత్తాను.”

“నీ పని నువ్వు సూసుకో” అని అరిచాను. అతను నీళ్ళసీసా లోపలికి అందించి వెళ్ళాడు.

మే 20

వర్క్‌షాపులో నాజిల్ టెస్టరు విసిరేశాను. ఓనరు ఇంటికి పొమ్మన్నాడు.

అమ్మ అరుగు మీద ఎండుచేపలు ఏరుతోంది. తలెత్తకుండానే అడిగింది, “పోలిరాజుకి ఏటో కాయితం వచ్చిందంట?”

“ఏటీ లేదు.”

తనలో తను అనుకున్నట్టు చెప్పింది. “అప్పుడు నీ పేరెత్తి ఏడవడానికి నాకు లేకపోయింది. గట్టు మీద అందరి ముందు పసుపునీళ్ళు పోసి, మా పోలిరాజుని పంపీ తల్లీ అని అరిసీదాన్ని. గంగమ్మ తల్లి నిజంగా ఆడ్నే పంపీసి నిన్ను ఉంచీద్దేమోనని భయం. లోపల నీ పేరు సెప్పుకునీదాన్ని. ఎవులైనా నీ కోసం అడిగితే హైదరాబాదులో ఉన్నాడనీదాన్ని.”

నాకు ఇప్పుడు ఇది ఎందుకు చెప్పాలి? ఎవడడిగాడు?

మే 22

గడువు ఇంకా ఆరు రోజులు. చెప్పను.

మే 24

అక్క వచ్చింది. వర్క్‌షాపు గేటు దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. కవరు చేతిలో ఉంది.

“ఒరే, నాను టెన్తు దాకా సదివినానని మరిసిపోనావేటి?”

నేను నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాను.

“ఆ రోజే సదివీసినాను. అన్ని ముక్కలూ తెలీలేదు గాని, తేదీ తెల్దేటి? దాసినారు అన్న ముక్క తెల్దేటి? మా తమ్ముడు ఇయ్యాల సెప్తాడు, రేపు సెప్తాడు అని పదిహేను రోజులు సూసినాను.”

“నేను ఎవరి కోసం ఎల్లాను ఆ రోజు? నీ కోసం కాదా?” నా అరుపుకు లేత్ మెషీన్ దగ్గరివాళ్ళు కూడా తిరిగి చూశారు.

“నా కోసమే. కాదన్నానా? నీ ఏడు నెల్లు పోయాయి. ఆయనవి పోలేదా? పిల్ల పుడితే బట్టీలో దాక్కున్నాడు. ఇప్పుడు దొంగ అని రాసినారు. నువ్వు సదివి కూడా నోరు మూసుకున్నావ్. ఇంకెంత కావాలిరా నీకు?”

“చెబితే నా వీసా పోద్ది.”

“పోద్ది.” అంత తేలిగ్గా అంది. తర్వాత గొంతు తగ్గించింది. “పోకూడదనే రోజూ మొక్కుతన్నాను. అయినా సెప్పు. ఆయనకి నాను సెప్పను. నువ్వే సెప్పాలి. రేపు.”

తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. అది నా అక్క. చిన్నప్పుడు నాకు అక్షరాలు దిద్దించింది అదే. దాన్ని కూడా తిట్టాను, వెళ్ళిపోయాక, గట్టిగా.

మే 25, ఆదివారం

చెప్పాను.

బావ ఒడ్డున వల బాగుచేస్తున్నాడు. కాలి బొటనవేలికి వల తగిలించి అల్లుతున్నాడు. పక్కన కూర్చుని, కవరు తీసి, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. మధ్యలో ఆపలేదు. అల్లిక మాత్రం ఆగింది.

“అయితే నన్ను దొంగ అన్నారా?”

“అవును.”

“నాను నిజమే కదా పెట్టింది?”

“అవును బావ.”

“నీకు ఆ రోజే తెలుసు?”

“తెలుసు.”

చెంప మీద కొట్టాడు. మెల్లగా కొట్టాడని రాయాలనుంది. మెల్లగా కాదు. పక్క బోటువాళ్ళు లేచి నిలబడ్డారు.

“కెనడా పో. అమెరికా పో. సెప్పీసి పో. నాను కాదంతానా? నాకు సదువు రాదని నన్ను ఎర్రోడ్ని సేసినావ్ సూడు.” అతని గొంతు పలికిన తీరు నేను రాయలేను.

వల వేలి నుంచి తప్పించి, “ఇప్పుడేటి సెయ్యాలి?” అన్నాడు.

సెయ్యాలి అన్నాడు. ‘నువ్వు చెయ్యాలి’ అనలేదు.

మే 26

నోటరీ. బోటు ఎక్కింది నేను, పట్టుబడింది నేను, పోలిరాజు పేరుతో తిరిగి వచ్చింది నేను అని అఫిడవిట్. నూకాలు మామ సాక్షి సంతకం పెట్టాడు. నోటరీ రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, “నీ చేత్తో నువ్వే ఇస్తున్నావా?” అన్నాడు.

మే 27

పాస్‌పోర్టు ఆఫీసు. గంటన్నర నిలబడ్డాక లోపలికి పిలిచారు. ఒక మేడమ్. అఫిడవిట్ చదివి ముందు బావను చూసింది, తర్వాత నన్ను.

“కార్డు ఇతనిది. వెళ్ళింది నువ్వు. ఎందుకలా?”

“కార్డున్నోడు రాకపోయినా బోటు ఆగదు మేడమ్. మా హార్బర్‌లో లెక్క కార్డుకే, మనిషికి కాదు. మీరు ఏ జెట్టీకైనా వెళ్ళి చూడండి.” గొంతు లేచింది. బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

ఆమెకు కోపం రాలేదు. “నీ దరఖాస్తులో కూడా తిరిగి రాలేదనే రాశావు.”

“రాశాను.”

“ఇతను నిజం రాశాడు, నువ్వు అబద్ధం రాశావు. ఆగింది ఇతని పాస్‌పోర్టు.”

“అందుకే వచ్చాను మేడమ్.”

“ఇతని ఫైలు మళ్ళీ విచారణకు పంపుతాను. నీకు నోటీసు వస్తుంది. నెల పట్టొచ్చు. జరిమానాతో పోవచ్చు, పాస్‌పోర్టు వెనక్కి ఇమ్మనొచ్చు. ఇప్పుడే చెప్పలేను. అర్థమైందా?”

అర్థమైంది.

బయట బావ టీ ఇప్పించాడు. బస్సు టికెట్లు కూడా అతనే తీశాడు.

మే 29

నీలకంఠం తల పట్టుకున్నాడు. ఐదు నిమిషాలే. తర్వాత వాడి బుర్ర మళ్ళీ పరిగెత్తింది.

“నోటీసు రావడానికి నెల. ఇయ్యాలే నో పెట్టి తోసీద్దాం. వీసా వత్తే ఎల్లిపో. తర్వాత ఎవుడు పట్టుకుంతాడు?”

“అఫిడవిట్ ఉంది కదా.”

“అది ఇక్కడి ఆఫీసులో. ఇది అక్కడి ఆఫీసులో. ఒకడి ఫైలు ఇంకోడు సూడ్డు తమ్ముడూ. పాతికేళ్ళ సర్వీసు నాది.”

ఆలోచించి చెప్తానన్నాను.

జూన్ 1

ఆలోచిస్తున్నాను.

జూన్ 3

నో పెడితే బయటపడొచ్చు. వాడు చెప్పింది తప్పు కాదు.

జూన్ 4

ఒక ఆఫీసులో వెళ్ళింది నేనే అంటాను. ఇంకో ఆఫీసులో నేను ఎక్కడికీ వెళ్ళలేదంటాను. ఎప్పుడైనా ఒకడు రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే అందులో ఒకటి అబద్ధం అవుతుంది. ఏది అబద్ధమని తేలుస్తారు? అఫిడవిట్టే. అప్పుడు జైలుకెళ్ళినవాడు మళ్ళీ పోలిరాజే. మళ్ళీ దాచినవాడూ అతనే.

ఇంత చిన్న విషయం అర్థం కావడానికి నాకు ఆరు రోజులు పట్టింది. లేదు, మొదటి రోజే అర్థమైంది.

జూన్ 6

యెస్ పెడతానన్నాను. నీలకంఠం నా ఫైలు నా చేతిలో పెట్టేశాడు. “నా సక్సెస్ రేటు పోతాది తమ్ముడూ. నా పేరు రాయకు. ఎక్కడైనా పెట్టుకో.” కోప్పడలేదు. జాలిగా చూశాడు. కోప్పడితే బాగుండేది, రెండు మాటలు అనేవాడిని.

జూన్ 9

వన్‌టౌన్‌లో యాసిన్ భాయ్ నెట్ సెంటర్. మధ్యాహ్నం పని ఎగ్గొట్టి వెళ్ళాను. బావ వస్తానన్నాడు. వద్దన్నాను. వచ్చాడు. రంగు మరకల లుంగీతోనే నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. పాత గ్యాప్ లెటర్ తీసేశాను.

‘అవును’ దగ్గర టిక్ పెడితే కింద ఒక డబ్బా తెరుచుకుంది. వివరాలు రాయమంది. నాకు వచ్చిన ఇంగ్లీషులో రాశాను. గంట పట్టింది. యాసిన్ భాయ్ వెనక నుంచి చూసి, “అరే, ఇంతెందుకు రాస్తున్నావ్? తక్కువ రాస్తే తక్కువ అడుగుతారు” అన్నాడు. రాస్తూనే ఉన్నాను.

అయ్యాక మౌస్ పట్టుకుని కూర్చున్నాను. ఇది వెళితే వీసా రాకపోవచ్చు. వచ్చే ఏడు కూడా రాకపోవచ్చు. నాకు ఇరవై మూడు. ఆ ఇంజిన్ల గది నుంచి బయటికి నాకు తెలిసిన దారి ఇదొక్కటే.

“ఏటి రాసినావో సదివీ” అన్నాడు బావ.

తెలుగులో చెప్పాను. నేను పోలిరాజు కార్డు మీద సముద్రానికి వెళ్ళాను. గేర్‌బాక్స్ పట్టేసి కొట్టుకుపోయి పట్టుబడ్డాను. ఏడు నెలలు అతని పేరుతో జైల్లో ఉన్నాను, ఆ పేరుతోనే తిరిగి వచ్చాను. పాస్‌పోర్టు దరఖాస్తులో ఆ సంగతి దాచాను. దాని వల్ల అతని పాస్‌పోర్టు ఆగిపోయింది. ఆ సంగతి తెలిపే ఉత్తరం అతను నా దగ్గరికి తెస్తే, నా వీసా కోసం అతనికి తప్పు చదివి చెప్పాను. ఇప్పుడు అక్కడ ఒప్పుకున్నాను, ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

ఆఖరి మాటల దగ్గర అతను తల తిప్పి నా వైపు చూశాడు. ఆ ముక్క ఆ ఫారానికి అక్కర్లేదు. ఎవడూ అడగలేదు.

“మొత్తం సదివీసినావా? ఏటీ ఒగ్గీలేదు గదా?”

“లేదు బావ. ఏటీ ఒగ్గలేదు.”

తెర మీద ఉన్న అక్షరాలను చివరి దాకా చూశాడు, చదవగలిగినవాడిలాగే, ఒక్కో వరుస దగ్గర ఆగుతూ.

“అయితే నొక్కీ” అన్నాడు.

నొక్కాను.